పెట్టె అద్దం మీద ఆవిరి

మా ఇంట్లో డిగ్రీ పట్టాని చేత్తో పట్టుకున్న మొదటి మనిషిని నేనే. ఆ రోజు బాపు దాన్ని తిరగేసి వెనక వైపు కూడా చూశాడు, అక్కడ ఇంకేమైనా రాశారేమోనని. అంతటితో అయిపోలేదు. పట్టా వచ్చిన నెలలోనే నాకు ఉప్పల్‌లో పని దొరికింది. రామంతాపూర్‌లో సాయంత్రాలు వెళ్ళి నేర్చుకున్న యానిమేషన్ పని. కంప్యూటర్‌లో వస్తువుని తయారుచేసి, దాని మీద వెలుతురు వేసి, నిదానంగా తిప్పి చూపించాలి. కంపెనీల వాళ్ళు తమ సరుకుని కొనేవాళ్ళకి చూపించుకోడానికి చేయించుకునే ఒక నిమిషం సినిమా.

మా ఆఫీసు చౌరస్తాకి దగ్గర్లో, టైర్ల షాపు పైన రెండు గదులు. కింద రోడ్డు మీద మెట్రో పిల్లర్ల కోసం గుంతలు తవ్వుతున్నారు. పొద్దున తుడిచిన కీబోర్డు మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాసుకునేంత దుమ్ము. నాకు అదీ బాగానే ఉండేది. ఎవరైనా ఏం చేస్తున్నావని అడిగితే చాలు, అడిగినదానికి పదింతలు చెప్పేదాన్ని. షేర్ ఆటోలో పక్కన కూర్చున్న ఆవిడక్కూడా చెప్పాను.

మా సార్ గుంటూరు వైపు మనిషి. చేర్చుకున్న రోజే విషయం తేల్చి చెప్పాడు. "మూడు నెలలు చూస్తానమ్మా. ఒక ఫిల్ము మొత్తం నీ చేత్తోనే చెయ్యి. పార్టీకి నచ్చిందా, పర్మనెంటు. నచ్చలేదా, ఏమనుకోకు."

నేను మిక్సీ వస్తుందనుకున్నాను. లేదంటే ఫ్యాను. రెండు నెలలు గడిచాక సార్ ఒక కవరు నా బల్ల మీద పెట్టాడు. అందులో కొలతల కాగితం, ఫోటోలు. పొడుగాటి స్టీలు పెట్టె, కింద చక్రాలు, పైన అద్దపు మూత, పక్కన చిన్న మోటారు. మనిషి చనిపోయాక దూరం నుంచి చుట్టాలు వచ్చేదాకా పడుకోబెట్టి ఉంచే ఫ్రీజర్ బాక్సు. నాచారంలో మా ఇంటికి రెండు వీధుల అవతలే ఆ ఫ్యాక్టరీ.

"చెయ్యగలవా?" అన్నాడు సార్.

"మస్తుగ చేస్త సార్" అన్నాను. నా మొదటి ఫిల్ము. అది ఏ పెట్టె అయితే నాకేంటి?

ఇంటికెళ్ళి గడపలోంచే చెప్పాను. అమ్మ పొయ్యి ముందు ఉంది.

"ఏం పెట్టెనే?"

"ఐస్ పెట్టె అమ్మా. మనిషి పోయినంక పండవెడ్తరు సూడు, అద్దం మూత..."

అమ్మ గరిటె గిన్నెలో వదిలేసింది. "దీపాలు పెట్టే యాల్ల ఏం మాటలే గవి! నోరు కడుక్కో ఫో."

బాపు మాత్రం నవ్వాడు. ఆయన నాచారంలోనే నట్లు బోల్టులు చేసే ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. "పని పనే గదనే. ఎవలో ఒకలు చెయ్యాలె" అన్నాడు. మర్నాడు నల్లా దగ్గర పక్కింటావిడ, మీ బిడ్డ ఏం చేస్తుందని అడిగితే అమ్మ ఇచ్చిన జవాబు నేను చెవులారా విన్నాను. "ఫ్రిజ్జుల సినిమా తీస్తున్నది."

పెట్టె చెయ్యడానికి వారం పట్టింది. మూత నాలుగు అంగుళాలు లేచి ఆగడం, చక్రాలు తిరగడం, స్టీలు మీద వెలుతురు జారడం అన్నీ కుదిరాయి. సార్ ఆ ముక్కని ఫ్యాక్టరీ సేటుకి చూపించి వచ్చి చెప్పాడు. "లోపల మనిషి కావాలంటమ్మా. ఖాళీగా చూపిస్తే జనం కూలర్ అనుకుంటారంట. అదీ ముసలాయన అయ్యుండాలి. పడుచువాళ్ళని పెడితే చూసేవాళ్ళకి కడుపు తరుక్కుపోతుందంట."

ఇంటర్నెట్‌లో దొరికే మనుషుల బొమ్మలన్నీ తెల్లవాళ్ళవే. మా ఊరి ముసలాయన ఒక్కడు లేడు. ముఖం చెయ్యాలంటే ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి ఫోటోలు కావాలి. నా పక్క సీట్లో పెళ్ళి ఆల్బమ్‌లు చేసే అన్న ఉండేవాడు. ఆయన్నే అడిగాను.

"అన్నా, జర నీ మొఖం ఫోటోలు తీసుకోనా?"

"దేనికి?"

"పెట్టెలకు."

"నేనేం పాపం జేసిన చెల్లె? పెండ్లి గూడ గాలె నాకింకా!" అన్నాడు. అని ఊరుకోలేదు, తన కంప్యూటర్‌కి నా కంప్యూటర్‌కి మధ్య ఒక అట్టముక్క నిలబెట్టాడు. అట్ట అవతల పెళ్ళికూతుళ్ళు, ఇవతల నేను.

చివరికి నా దగ్గర ఉన్నది నా ముఖమే. కోర్సులో ప్రతి ఒక్కరూ తన తల తనే కంప్యూటర్‌లో చేసుకోవాలి, అది పరీక్ష. ఆ తలని తీసుకున్నాను. బుగ్గలు లోపలికి నొక్కాను. జుట్టు తీసేసి నుదురు పెంచాను, తెల్ల మీసం పెట్టాను, చర్మానికి ముడతలు వేశాను. కళ్ళు మూశాను. నా కళ్ళు నేనే మూయడం విచిత్రంగా అనిపించింది. రెప్ప కిందికి లాగుతుంటే నా అసలు రెప్ప కూడా బరువెక్కినట్టయింది. చెవులు మాత్రం ముట్టుకోలేదు. తల చేసేటప్పుడు అన్నిటికన్నా కష్టం చెవి. నా చెవులు పెద్దవి, బయటికి నిలబడి ఉంటాయి. బళ్ళో అందరూ చాట చెవులని ఏడిపించేవాళ్ళు. వాటిని అచ్చంగా దింపడానికి కోర్సులో పదిరోజులు కష్టపడ్డాను. అవి చెడగొట్టబుద్ధి కాలేదు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ నాకు ఉత్సాహం ఎక్కువైంది. చల్లదనం కనిపించాలి కదా? అద్దం లోపలి వైపు కొంచెం ఆవిరి పట్టి, మెల్లగా విడిపోతే ఎంత అందంగా ఉంటుంది! ఎవరూ అడగలేదు. నేనే పెట్టాను. ఆవిరి ఎంతసేపట్లో వస్తుందో, ఎంతసేపట్లో పోతుందో తెలియక కిటికీ అద్దం మీద నోటితో ఊది లెక్కపెట్టాను. ఊదితే వస్తుంది, ఊపిరి తీసుకునేలోపు పోతుంది. ఆ లెక్కే కంప్యూటర్‌లో వేసి, మళ్ళీ మళ్ళీ వచ్చేలా చేశాను. వెలుతురు తల వైపు బాగా పడుతోంది కాబట్టి ఆవిరి కూడా అక్కడే, మూతి పైన.

తర్వాత కంప్యూటర్ ఒక్కో బొమ్మని గీసి పెట్టాలి. ఒక సెకనుకి పాతిక బొమ్మలు, ఒక్కో బొమ్మకి రెండేసి నిమిషాలు. నేను చూస్తూ కూర్చునేదాన్ని. మిట్టమధ్యాహ్నం, కింద జేసీబీ గుంత తవ్వుతూ ఉంటే, నా తెర మీద ముసలాయన మూతి పైన తెల్లటి మచ్చ పుట్టి, రెండు నిమిషాలకోసారి గోరంత పెరిగేది. పక్కన అన్న రెండు మూడుసార్లు అట్టముక్క మీదుగా తొంగిచూశాడు. మూడోరోజు తన కుర్చీని కిటికీ దగ్గరికి జరుపుకున్నాడు. నేను మాత్రం, ఎంత బాగా వచ్చిందో చూడలేక అలా చేస్తున్నాడనుకున్నాను.

చూపించే రోజు వచ్చింది. ఫ్యాక్టరీలోనే, మధ్యాహ్నం పన్నెండున్నరకి. నేను పొద్దునే బాపుకి చెప్పాను. "తిండి టైముకు రా బాపూ. నా సినిమా సూద్దువు."

రేకుల షెడ్డు. ఒక పక్క మనుషులు స్టీలు రేకుని సుత్తులతో కొడుతున్నారు. ఇంకో పక్క తయారైన పెట్టెలు వరసగా, మూతలు దించి ఉన్నాయి. సేటు బల్ల మీద నా కంప్యూటర్ పెట్టాం. కుర్చీలు మూడే. సేటు, సార్, నేను. నాలుగో మనిషి పెట్టెల్ని అద్దెకిచ్చే వ్యాను నడిపే ఆయన, యాభై దాటిన మనిషి. ఆయన ఒక పెట్టె అంచు మీదే కూర్చుని, చాయ్ గ్లాసు దాని అద్దం మీద పెట్టుకున్నాడు. సేటు ఆయన్ని కావాలనే పిలిపించాడు. "ఇళ్ళల్లకు పెట్టె తీస్కపోయేది గీయనే. గీయనకు నచ్చితె నాకు నచ్చినట్టే" అన్నాడు.

బాపు టిఫిన్ డబ్బాతో వచ్చి, చెప్పులు బయట విడిచి, గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

సినిమా మొదలైంది. చీకట్లోంచి స్టీలు అంచు మెరుస్తూ వచ్చింది. పెట్టె నిదానంగా తిరిగింది.

"అరే, మస్తు జేసినవ్ బిడ్డా! మా పెట్టె గింత మంచిగుంటదని నాకే తెల్వదు" అన్నాడు సేటు. బాపు వైపు చూశాను. ఆయన గోడకి ఆనుకోవడం మానేసి నిటారుగా నిలబడ్డాడు.

డ్రైవరన్న మాత్రం తల అటూ ఇటూ తిప్పుతున్నాడు. "చెల్లె, తల యే దిక్కుకున్నది?"

"కంప్యూటర్ల దిక్కులుండయన్నా."

"ఇంట్ల ఉంటయి గదా. పెట్టె గట్ల గిర్రున తిరిగితె ఇంటోళ్ళు ఊకుంటరా? తల దక్షిణానికి జేసి ఆపు. తలకాడ దీపం బెట్టు. దీపమున్న దిక్కే దక్షిణమనుకుంటరు." కొంచెం ఆగి, "మా చర్చోళ్ళకైతె దీపం తీసి క్యాండిల్ బెట్టు. రెండు తీర్లు జెయ్యి" అన్నాడు. సార్ రాసుకున్నాడు. నేను కూడా తలూపాను. ఇది మంచి సలహా.

అప్పుడే ఫ్యాక్టరీ గంట మోగింది, తిండి టైము. సుత్తులు ఒక్కసారిగా ఆగిపోయాయి. సరిగ్గా ఆ నిశ్శబ్దంలో తెర మీద ముఖం దగ్గరగా వచ్చింది.

మూసిన కళ్ళు. తెల్ల మీసం. మూతి పైన అద్దం మీద ఆవిరి మెల్లగా పరుచుకుంది. విడిపోయింది. మళ్ళీ పరుచుకుంది.

డ్రైవరన్న కూర్చున్న పెట్టె మీంచి లేచి నిలబడ్డాడు. చాయ్ గ్లాసు తీసి కింద పెట్టాడు.

"ఆపు చెల్లె. ఆపు."

ఆపాను. సరిగ్గా ఆవిరి నిండుగా ఉన్నచోట ఆగింది. మీసం కనపడకుండా మూతి మీద తెల్లటి ముద్ద.

"గట్లెట్ల ఆపినవ్! పోనియ్, ముందుకు పోనియ్!"

మళ్ళీ నడిపించాను. ఆవిరి విడిపోయింది. అక్కడున్న ఐదుగురం ఒకేసారి ఊపిరి వదిలాం. ఆ చప్పుడు నాకు వినిపించింది. అప్పుడు తెలిసింది, ఇన్నాళ్ళూ నేను అందంగా పెట్టాననుకున్నది ఏంటో.

డ్రైవరన్న సేటుతో కాదు, నాతోనే చెప్పాడు. "నాగారం దిక్కు ఒక ఇంట్ల పాత పెట్టె దింపి వచ్చిన. లోపట ముసలామె. పొద్దుగాల్ల పెట్టె కోసం మల్ల పోయిన. అద్దానికి ఆవిరి పట్టింది. ఆమె బిడ్డ సూసింది. మా అమ్మ ఊపిరి తీస్తున్నదని మూత లేపింది. అంతే, ఇంటోళ్ళంత ఉరికొచ్చిన్రు. ఒకలు అరికాళ్ళు రుద్దవట్టె, ఒకలు అరిచేతులు రుద్దవట్టె. నేను మొత్తుకున్న, ఆవిరమ్మా, సల్లదనానికి పట్టిందమ్మా అని. నన్ను కొట్టొచ్చిన్రు. గంటసేపు రుద్దిన్రు. ఆ బిడ్డ ముందు రోజు మంచిగనే ఏడ్చి ఊకున్నది. రెండోసారి ఏడ్వనీకె ఆమె తోని కాలె."

సేటు ముఖం మారిపోయింది. "గందుకే గదా రెండద్దాల మూత జేసిన! ఆవిరి పట్టొద్దనే! కొత్త పెట్టెల గదే గొప్ప. నువ్వు గదే తెచ్చి పెడితివి."

నిజమే. రెండు అద్దాలు అని కాగితంలో ఉంది. రెండు అద్దాలూ నేను చేశాను కూడా. ఎందుకో అడగలేదు. సార్ నా వైపు చూడకుండా, "ఆ షాట్ తీసేద్దాం సార్" అన్నాడు. ఆయన గొంతు వింటే నా మూడు నెలలు అక్కడితో అయిపోయినట్టే ఉంది.

"ఆవిరొక్కటే గాదు సారూ" అన్నాడు డ్రైవరన్న. "గీ మొఖం ఎవలిది? కంప్యూటర్ల పుట్టిన మొఖం గాదిది. ఎవలో ఉన్నరు. బతికున్నోళ్ళ మొఖం పెట్టెల వెట్టొద్దు."

అబద్ధం చెప్పొచ్చు. గొంతు దాకా వచ్చింది. కానీ వెనక బాపు ఉన్నాడు.

"నాదే అన్నా" అన్నాను. "నా మొఖాన్నే ముసలిగ జేసిన."

సేటు నన్ను చూసి తెరని చూశాడు. మళ్ళీ నన్ను చూశాడు. సార్ కూడా. డ్రైవరన్న అయితే నా చెవుల దాకా చూశాడు. ముగ్గురి చూపులూ నా మీదికి, పెట్టెలోకి, నా మీదికి తిరుగుతుంటే చెయ్యి తెలియకుండానే నా మూతి మీదికి వెళ్ళింది.

"మా బిడ్డది గాదు సేటూ."

బాపు ముందుకొచ్చాడు. టిఫిన్ డబ్బా చేతిలోనే ఉంది. తెరకి జానెడు దూరం దాకా వంగి చూశాడు.

"మా అయ్య."

నేను తాతని చూడలేదు. నేను పుట్టక ముందే, జనగామ దగ్గర మా ఊళ్ళో పోయాడు. ఆయన ఎలా ఉండేవాడో ఇంట్లో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

"మీ అయ్యనా? ఫోటో జూసి జేసిందా మల్ల?" అన్నాడు సేటు.

"ఫోటో యాడిది సేటూ? ఆయన ఫోటో దిగనేలే. గిదే మొదటిది." బాపు వేలెత్తి, తెరకి తగలకుండా, చెవి దగ్గర ఆపాడు. "గా చెవు సూడు. దింపుడు కల్లం కాడ గా చెవులనే పిలిచిన."

శవాన్ని మోసుకెళ్తూ సగం దారిలో కిందికి దింపుతారు. ప్రాణం ఏమైనా మిగిలి ఉంటే వింటాడని, కొడుకు చెవిలో మూడుసార్లు పిలవాలి. ఆ చోటునే దింపుడు కల్లం అంటారు. సార్‌కి, సేటుకి, నాకు, ఎవరికీ చెప్పక్కర్లేదు.

"పెద్దకొడుకువు పిలువురా అన్నరు. అయ్యా, అయ్యా, అయ్యా అని మూడుమాట్ల పిలిచిన. పలకలే." బాపు తెర వైపే చూస్తున్నాడు. ఆవిరి వచ్చింది, పోయింది. "ఇప్పుడు ఎవ్వలు పిలవకుండనే ఊపిరి తీస్తుండు."

షెడ్డులో ఎవరో డబ్బా మూత తీసిన చప్పుడు. అంతే.

"తీసెయ్ బిడ్డా" అన్నాడు బాపు నాతో. "గట్ల సగంల ఉంచకు ఆయనను."

సేటు తెర వైపు చెయ్యి చూపించాడు. "మల్ల మొఖం? ఊరూరికి పోతది గీ బొమ్మ. అందరు సూస్తరు. నీకేమనిపియ్యదా?"

"సూడనియ్ సేటూ. బతికున్నప్పుడు జనగామ దాటలే. ఇప్పుడన్న తిరుగుతడు."

డ్రైవరన్న నవ్వాడు, మొదటిసారి. "పోయినోళ్ళ మొఖమే అయితె నాకేం ఫికర్ లేదు" అన్నాడు. సేటు సార్‌కి మూడు రోజులు టైమిచ్చాడు. దీపం పెట్టాలి, క్యాండిల్ పెట్టాలి, తిరగడం ఆగాలి, ఆవిరి పోవాలి. అప్పుడు చూసి చెప్తానన్నాడు. బాపు అన్నం తినకుండానే డబ్బాతో పనికి వెళ్ళిపోయాడు.

ఉప్పల్‌కి వచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. దీపం ముందు చేశాను, తర్వాత క్యాండిల్. పెట్టెని ఆపాను. ఆవిరిని చివరికి ఉంచాను. అది తియ్యడం చాలా తేలిక. ఒక గీత మీద నొక్కి, డిలీట్ నొక్కితే చాలు. పక్కన అన్న చాయ్‌కి వెళ్ళాడు. నేను అలాగే కూర్చున్నాను. ముఖం నాది, ఆ లెక్క నా ఊపిరిదే. అవన్నీ నాకు తెలుసు. అయినా వేలు కదలలేదు. నేనెప్పుడూ చూడని మనిషితో వారం పైనే ఒక గదిలో కూర్చున్నాను, ఆయనెవరో తెలియకుండా.

చుట్టూ చూశాను, ఎవరూ లేరు. వంగి, స్పీకర్ లేని ఆ తెర మీద చెవి దగ్గర, "తాతా" అని పిలిచాను. ఒక్కసారే. మూడుసార్లు పిలవడానికి భయమేసింది.

నొక్కాను.

మర్నాడంతా బొమ్మలు ఒక్కొక్కటిగా వచ్చాయి. అద్దం శుభ్రంగా ఉంది. అదే ముఖం, అదే మీసం, ఒక్క గీత మారలేదు. అయినా ఇప్పుడు చూస్తే పోయిన మనిషే. అన్న వచ్చి, నా భుజం మీదుగా చూసి, తన కుర్చీని మళ్ళీ పక్కకి తెచ్చుకున్నాడు.

మూడోరోజు నాచారంలో సేటు రెండు తీర్లూ చూశాడు. రెండూ అయ్యాక డ్రైవరన్న వైపు తిరిగాడు. ఆయన ఈసారి నిలబడే చూశాడు. ముఖం దగ్గరికొచ్చినప్పుడు తెలియకుండానే తల మీది టోపీ తీశాడు.

"ఇప్పుడు మంచిగుంది" అన్నాడు.

బయట గేటు దగ్గర సార్ స్కూటర్ స్టార్ట్ చేస్తూ చెప్పాడు. "సోమవారం నుంచి హాజరు పట్టీలో నీ పేరు రాయిస్తా. ఇంకోసారి అడగనివి పెట్టకు. అడగాల్సినవి అడుగు." నేను సరే సార్ అనే లోపే వెళ్ళిపోయాడు.

పరిగెత్తాను. నిజంగానే పరిగెత్తాను, నట్లు బోల్టుల ఫ్యాక్టరీ దాకా. వాచ్‌మన్‌తో గొడవపడి బాపుని గేటు దగ్గరికి పిలిపించాను. చేతులకి గ్రీజుతో వచ్చాడు.

"బాపూ! పర్మనెంట్! సేటుకు నచ్చింది! సార్ చెప్పిండు!"

బాపు ముఖమంతా నవ్వయింది. వాచ్‌మన్ వైపు తిరిగి, "నా బిడ్డ నౌకరి పక్క అయింది" అని, ఆయన వినలేదేమోనని ఇంకోసారి గట్టిగా చెప్పాడు. తర్వాత నా దగ్గరగా వచ్చి గొంతు తగ్గించాడు.

"తీసేసినవా?"

"తీసేసిన బాపూ."

"మంచిగ పోయిండా?"

"మంచిగనే పోయిండు."

ఆయన కాసేపు తలొంచుకుని, గ్రీజు వేళ్ళని గుడ్డతో తుడుచుకున్నాడు. "ఇంటికి పోంగనే తలమీదికెల్లి నీళ్ళు పోసుకో. నేనొచ్చి పోసుకుంట" అన్నాడు.

నేను ఇంటికెళ్ళి, ఉద్యోగం మాట అమ్మకి చెప్పేసి, ఆవిడ ఇంకా ఆ సంబరంలో ఉండగానే బకెట్ తీసుకుని తలస్నానం చేశాను. బాపు పని నుంచి వచ్చి చొక్కా విప్పి, ఎవరితో మాట్లాడకుండా నేరుగా నల్లా దగ్గరికి వెళ్ళి, నాలుగు చెంబులు నెత్తిన పోసుకున్నాడు. అమ్మ మా ఇద్దరి తడి తలలు చూసింది.

"ఏందిది? ఇద్దరికిద్దరు గియ్యాల తానాలు? పండుగనా ఏంది?"

"నౌకరొచ్చింది గదనే" అన్నాడు బాపు, తువ్వాలుతో తల తుడుచుకుంటూ.